తివాచీ పచ్చికా... పెరటి గరికా?

ఇంటి ముందు లాన్ ఉంటే ఆ అందమే వేరు. కానీ ఆ అందానికి రోజూ నీళ్లు పెట్టాలి, నెలనెలా యూరియా చల్లాలి, వారం వారం కోయాలి. పోనీ వదిలేద్దామా అంటే గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. సీతాకోకచిలుకలతోపాటు పాములూ వస్తాయేమోనని భయం. గోదావరి డెల్టాలో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న ఎన్నో కుటుంబాల ముందు ఇప్పుడున్న ప్రశ్న ఇదే.

రాజమహేంద్రవరం నుంచి జాతీయ రహదారి మీద రావులపాలెం వైపు వెళ్తుంటే వేమగిరి దాటాక రోడ్డుకి రెండువైపులా మొక్కలే మొక్కలు. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక... గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టిలో వేల ఎకరాల్లో నర్సరీలు. పల్ల వెంకన్న లాంటి నర్సరీ రైతుల పుణ్యమా అని కడియం పేరు దేశమంతా తెలిసింది. పూలమొక్కలూ పండ్లమొక్కలూ సరే, ఆ వరసల మధ్య అక్కడక్కడా పచ్చటి దుప్పటి పరిచినట్లు కొన్ని మడులు కనిపిస్తాయి. చూడగానే వరి నారుమళ్లేమో అనిపిస్తుంది. కాదు, అది లాన్ గడ్డి. దాన్ని మట్టితో సహా పలకలుగా కోసి, చాపల్లా చుట్టి లారీలకెక్కిస్తారు. అడుగుల లెక్కన అమ్ముతారు.

చేలో కనిపిస్తే పీకి గట్టున పడేసే గడ్డిని డబ్బులిచ్చి కొనుక్కోవడం పాత తరం వాళ్లకి వింతే. ఈ తరానికి మాత్రం కొత్త ఇంటికి అదో ముచ్చట. గేటు తీయగానే పచ్చటి తివాచీ, దాని మీద రెండు కుర్చీలు, సాయంత్రం పూట కాఫీ... బాగానే ఉంటుంది. ఆ తివాచీని బతికించడానికి ఏమేం కావాలన్నదే అసలు లెక్క.

అక్కడి మోజు... ఇక్కడికి!

లాన్ మనది కాదు. ఐరోపాలో జమీందార్లు తమ కోటల ముందు పంట వేయకుండా, పచ్చిక పెంచి వదిలేసేవారు. 'మాకు ఇంత నేల ఖాళీగా ఉంచుకునే స్తోమత ఉంది' అని లోకానికి చెప్పడమే దాని ఉద్దేశం. గొర్రెలు మేసో, కూలీలు కొడవళ్లతో కోసో దాన్ని పొట్టిగా ఉంచేవారు. 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడింగ్ అనే ఇంజినీరు గడ్డికోసే యంత్రాన్ని కనిపెట్టాక ఆ దర్జా మధ్యతరగతి ఇళ్లకీ చేరింది. అక్కడినుంచి అమెరికాకి వెళ్లి అంతులేకుండా విస్తరించింది. ఉపగ్రహ చిత్రాల సాయంతో నాసాకి చెందిన పరిశోధకులు 2005లో ఓ అంచనా వేశారు. దాని ప్రకారం అమెరికాలో పచ్చిక బయళ్ల విస్తీర్ణం 1,60,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. అంటే దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత! ఆ దేశంలో నీరు పెట్టి పండించే మొక్కజొన్న విస్తీర్ణానికి ఇది మూడు రెట్లు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకి ఈ గడ్డి కథ బాగా తెలుసు. చాలా కాలనీల్లో గడ్డి ఇన్ని అంగుళాలకి మించి పెరగకూడదన్న నిబంధన ఉంటుంది. పెరిగితే నోటీసు, అప్పటికీ కోయకపోతే జరిమానా. శని, ఆదివారాల్లో సగం పూట ఆ యంత్రంతోనే సరి. సొంతూళ్లో అమ్మానాన్నలకి ఇల్లు కట్టించేటప్పుడు ఆ పిల్లలే 'ముందు కాస్త లాన్ వేయిద్దాం నాన్నా' అంటారు. కోసేదీ నీళ్లు పెట్టేదీ మాత్రం ఇక్కడున్న పెద్దవాళ్లే!

విచిత్రం ఏంటంటే, లాన్ పుట్టిన గడ్డ మీదే ఇప్పుడు గాలి తిరిగింది. బ్రిటన్‌లో ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ 2019లో 'మే నెలంతా గడ్డి కోయకండి' అంటూ ప్రచారం మొదలుపెట్టింది. ఒక్క నెల కోయకుండా వదిలేస్తే అడవిపూలు పూస్తాయి, తేనెటీగలకి తిండి దొరుకుతుంది అన్నది దాని సారాంశం. వాళ్లు వద్దనుకుంటున్నదాన్ని మనం కొత్తగా తెచ్చుకుంటున్నాం.

సెంటు నేల... వెయ్యి లీటర్లు!

ముందు నీళ్ల సంగతి. వేసవిలో లాన్ పచ్చగా ఉండాలంటే వారానికి అంగుళం మందాన నీరందాలన్నది సాధారణ లెక్క. సెంటు నేల అంటే సుమారు 40 చదరపు మీటర్లు. దానిమీద అంగుళం నీరు నిలిపితే వెయ్యి లీటర్లు. అయిదు సెంట్ల లాన్‌కి వారానికి అయిదువేల లీటర్లు, అంటే నెలకి నాలుగైదు ట్యాంకర్ల నీళ్లు.

'గోదావరి పక్కన ఉండి నీళ్లకి కరవేంటి?' అనిపించవచ్చు. 1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టాలో ఊరూరికీ కాలవ వచ్చిన మాట నిజమే. కానీ దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్‌లో ఆ కాలవలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్య కాలమంతా ఊళ్లు గడిపేది ముందుగా నింపిపెట్టుకున్న మంచినీటి చెరువులతోనూ బోర్లతోనే. లాన్‌కి అన్నిటికంటే ఎక్కువ దాహం వేసేదీ సరిగ్గా అప్పుడే! పైగా రాజోలు, అమలాపురం దిగువన సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో భూమిలోపల మంచినీళ్లు పైపొరలోనే ఉంటాయి, కింద ఉప్పునీరు. పైనున్నది ఎంత తోడితే కిందున్నది అంత పైకొస్తుంది. ఒకరి లాన్ కోసం ఆడే మోటారు పక్కింటి నూతి రుచినీ మార్చగలదు.

ఇక ఎరువు. లాన్‌కి ఒక్క దఫాకి వంద చదరపు మీటర్లకి అరకిలో నత్రజని అన్నది వాడుకలో ఉన్న మోతాదు. యూరియాలో నత్రజని 46 శాతం. ఆ లెక్కన సెంటుకి 400 గ్రాముల పైచిలుకు యూరియా. నెలకోసారి చొప్పున ఏడాదిలో ఎనిమిదిసార్లు వేస్తే మూడు కిలోలు దాటుతుంది. అదే సార్వా వరికి ఎకరాకి 45 కిలోల బస్తాలు రెండు వేశారనుకుందాం. సెంటుకి పడేది 900 గ్రాములు. అంటే గింజనిచ్చే చేను కంటే ఏమీ ఇవ్వని గడ్డికి మూడు రెట్లకు మించి మేత! యూరియా బస్తా రూ.266.50కే దొరుకుతుందంటే అసలు ఖర్చులో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వం భరిస్తోంది కాబట్టే. ఆ రాయితీ ఉద్దేశించింది పొలం కోసం, ముంగిట్లో తివాచీ కోసం కాదు.

వేసిందంతా గడ్డి తింటుందా అంటే అదీ లేదు. యూరియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ఎండలో పైపైన చల్లితే కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. వాన ముందు చల్లితే కొంత మురుగుకాలవ పాలవుతుంది. అందిన కాస్తా గడ్డిని గబగబా పెంచుతుంది. పెరిగిందని కోస్తాం, కోశామని మళ్లీ వేస్తాం. మోతాదు మించితే ఆకులు మాడతాయి, లేత గడ్డికి శిలీంధ్ర తెగుళ్లు పట్టుకుంటాయి. పురుగుమందు, తెగులుమందు, కలుపుమందు... ఒకదాని వెనక ఒకటి. మధ్యాహ్నం చల్లిన మందు మీదే సాయంత్రం పిల్లలు ఆడుకుంటారు.

మురుగుకాలవల్లోకి చేరిన నత్రజని, భాస్వరం ఊరికే ఉండవు. గుర్రపుడెక్క, నాచు వాటిని తిని బలుస్తాయి. కాలవ పూడుకుపోతుంది, అడుగున ప్రాణవాయువు తగ్గి చేపలు తేలతాయి. డెల్టా మురుగు చేరే కొల్లేరుకి దశాబ్దాలుగా ఉన్న జబ్బుల్లో ఇదీ ఒకటి. నిజానికి అందులో పొలాల నుంచీ చేపల, రొయ్యల చెరువుల నుంచీ వచ్చేదాని ముందు ఇళ్ల లాన్‌ల వాటా ఎంతో కాదు. అయితే రైతుకి ఎరువు వేయడానికి ఓ కారణం ఉంది, తిండి పండాలి. లాన్‌కి ఆ కారణమూ లేదు.

పీకేసేవన్నీ పిచ్చిమొక్కలేనా?

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. తొలకరి పడ్డాక దొడ్లో ఓ మూల నేలని ముట్టుకోకుండా రెండు నెలలు వదిలేస్తే ఏమొస్తుంది? డెల్టా పల్లెల్లో పెరిగిన అమ్మమ్మలనడిగితే వేళ్లమీద లెక్కపెట్టి చెబుతారు. గంగపాయల కూర, పొన్నగంటి కూర, అటికమామిడి, చెంచలికూర... ఇవన్నీ పప్పులోకి. గుంటగలగర తలనూనెలోకి. నేల ఉసిరి కామెర్ల మందులోకి. తుమ్మిపూలు శివుడికి. ఉత్తరేణి వినాయకుడి పత్రిలోకి. పులిచింత ఆకు పిల్లలు నమిలి 'అబ్బ, పులుపు' అనుకోవడానికి! విత్తనం చల్లినవాళ్లు లేరు, నీళ్లు పెట్టినవాళ్లు లేరు. లాన్ భాషలో వీటన్నిటికీ ఒకటే పేరు... కలుపు.

మనుషుల సంగతి అలా ఉంచితే, వీటిమీదే బతికే ప్రాణులు ఇంకెన్నో. వేలిగోరంత నీలిరంగు సీతాకోకచిలుక ఒకటి నేలకి జానెడు ఎత్తులో ఎగురుతూ ఉంటుంది. దాని గొంగళిపురుగు తినేది ఆ పులిచింత ఆకునే. నారింజ రంగు రెక్కలకి నల్ల అంచులతో కనిపించే మరో రకం జిల్లేడు మీద గుడ్లు పెడుతుంది. గంగపాయల మీద పెరిగే రకం ఇంకొకటి. పులిచింత పీకేసి గులాబీలు నాటితే పెద్ద సీతాకోకచిలుకలు తేనె తాగిపోతాయేమో కానీ, పిల్లల్ని పెట్టవు. గడ్డి గింజకట్టే దాకా ఉంచితే పిచ్చుకలూ గిజిగాళ్లూ వస్తాయి. తాటిచెట్టుకి వేలాడే ఆ గిజిగాడి గూడు అల్లిక అంతా పొడవాటి ఆకుల్ని చీల్చి తెచ్చిన పీచుతోనే. అంగుళం గడ్డిలో అంత పీచు ఎక్కడిది?

ఎరువు కూడా ఈ మూలకి దానంతటదే వస్తుంది. వెంపలి, అత్తిపత్తి, పిల్లిపెసర లాంటి చిక్కుడు జాతి మొక్కల వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. పచ్చిరొట్టగా పిల్లిపెసర, జనుము, జీలుగ వేయడం డెల్టా రైతుకి కొత్త కాదు. పొలానికి పనికొచ్చిన సూత్రం పెరటికి పనికిరాకుండా పోదు.

అడవిగడ్డి అనగానే విదేశాల్లో కొండవాలు పూలబయళ్లు గుర్తొస్తాయి కానీ, గోదావరికి తన బయలు తనకుంది. ఆశ్వయుజం వచ్చేసరికి లంకల నిండా తెల్లగా పూసే రెల్లు అదే. వరద వచ్చినప్పుడు ఆ వేళ్లే ఇసకనీ ఒండ్రునీ పట్టి ఉంచుతాయి. ఒకప్పుడు పూరిళ్ల పైకప్పులకి అదే ఆధారం. చెరకుకి అది దగ్గరి చుట్టం కూడా. కోయంబత్తూరులో 1912లో మొదలైన చెరకు పరిశోధన కేంద్రం తీపి చెరకునీ రెల్లునీ కలిపే గట్టి సంకర వంగడాలను తయారుచేసింది. ఎవరూ పట్టించుకోని గడ్డి దేశానికి పంచదార పెట్టింది!

మరి పాములో?

ఇంత చెప్పినా ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అది అనవసర భయమేమీ కాదు. డెల్టాలో తాచు, కట్లపాము, రక్తపింజరి... మూడూ ఉన్నాయి. ఎలకలున్న చోటికి పాము వస్తుంది. ఇటుకల కుప్ప, కొబ్బరిడొక్కల గుట్ట, చెత్త పేరుకున్న మూల ఉంటే ఎలక వస్తుంది. కాబట్టి గడ్డి ఎత్తుగా పెరిగే చోటు గుమ్మానికి ఆనుకుని ఉండకూడదు. గోడ చుట్టూ కనీసం పది అడుగులు శుభ్రంగా ఉండాలి. నడిచే దారి ఎప్పటికప్పుడు కోసి ఉండాలి. రాత్రిపూట లైటూ కాలికి చెప్పులూ తప్పనిసరి. ఒకవేళ పాము కరిస్తే నాటువైద్యం, మంత్రాలు అంటూ సమయం పోగొట్టకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

దోమల సంగతి వేరు. అవి గడ్డిలో నక్కుతాయి కానీ గుడ్లు పెట్టేది నిలవ నీటిలోనే. మూతలేని తొట్టె, కొబ్బరి చిప్ప, పాత టైరు... వీటిని వదిలి గడ్డిని నరికితే ప్రయోజనం లేదు.

ఇంకో మాట. వదిలేయడం అంటే ఏదొస్తే అది రానివ్వడం కాదు. వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే చేతికి తొడుగేసుకుని వేళ్లతో పీకేయాల్సిందే. దాని పుప్పొడితో దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఏటా దానిమీద ఓ కన్నేసి ఉంచే ఓపిక లేకపోతే ఆ మూల తోట కాదు, తుప్పే.

బెర్ముడా... మన గరికే!

అయితే లాన్ ముచ్చట వదులుకోవాల్సిందేనా? అక్కర్లేదు. క్రికెట్ మైదానాల్లో, గోల్ఫ్ కోర్సుల్లో పరిచే గడ్డిలో ప్రపంచమంతా పేరున్నది బెర్ముడా గడ్డి. విదేశాల్లో దాని విత్తనాలు పొట్లాల్లో అమ్ముతారు, దానిమీద పరిశోధనలు చేసి సంకర రకాలు తీస్తారు. దాని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. తెలుగులో... గరిక! వినాయకుడికి జంటలుగా సమర్పించే దూర్వ అదే. పంటకాలవ గట్టు మీద గేదెలు మేసేదీ, చేలో రైతు బొరిగెతో తవ్వి పారేసేదీ అదే.

ఇళ్ల ముందు ఎక్కువగా వేస్తున్న మెక్సికన్, కొరియన్ రకాలు జోయ్సియా జాతివి. మెత్తగా, దట్టంగా, చూడముచ్చటగా ఉంటాయి. గరికకి అంత నునుపు ఉండదు. కానీ ఎండాకాలంలో నీళ్లు ఆపేస్తే పైకి ఎండిపోయినా భూమిలో దాని దుంపకాండాలు బతికే ఉంటాయి, తొలకరి చినుకు పడగానే లేస్తాయి. కాలవ కట్టేసే రోజులకి డెల్టాలో తట్టుకోగలిగిన లాన్ ఇదొక్కటే అన్నా తప్పులేదు. రెండు నెలలు అది గోధుమరంగులో ఉంటుందని ఒప్పుకుంటే చాలు, వారానికి వెయ్యి లీటర్లు మిగులుతాయి.

మూడు వాటాలు

పాతకాలపు గోదావరి ఇంటిని గుర్తుచేసుకుంటే ఈ తగువుకి పరిష్కారం అందులోనే కనిపిస్తుంది. వాకిలి నున్నగా ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గేసేవారు, అక్కడ గడ్డిపోచ ఉండేది కాదు. పెరట్లో నుయ్యి, అరటి, కరివేపాకు, ఆనపపాదు. దొడ్డి చివర మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని జాగా, అక్కడే గడ్డీ గాదం, కూరాకూ మందాకూ. ఇంటికి దగ్గరగా శుభ్రం, దూరంగా స్వేచ్ఛ! నేల అయిదు సెంట్లే ఉన్నా ఆ మూడు వాటాలు ఇప్పటికీ వేసుకోవచ్చు.

ఇంటి ముందు ఎండ బాగా తగిలే చోట, కూర్చోవడానికి సరిపడా ఒక సెంటో అరసెంటో గరిక వేసుకుంటే చాలు. తొలకరి ముందు నేల తవ్వి, తుంగ గడ్డలు ఏరేయాలి. గరిక తీగల్ని కణుపులున్న ముక్కలుగా కోసి అరజానెడు ఎడంతో నాటితే వానాకాలం పూర్తయ్యేసరికి నేలంతా కమ్ముకుంటుంది. మరీ నేలబారుగా కాకుండా అంగుళంన్నర ఎత్తు ఉంచి కోయాలి. ఒక్కసారే మూడోవంతుకి మించి కోయకూడదు. కోసిన పొడిని ఊడ్చేయకుండా అక్కడే వదిలేస్తే దాని ఎరువు అవసరంలో పావువంతు దాకా అదే తీరుస్తుంది. ఏడాదికోసారి మాగిన పశువుల ఎరువో వర్మికంపోస్టో పల్చగా చల్లితే చాలు. గ్రావెల్ పోసి ఎత్తు చేసిన స్థలమైతే ముందుగా సేంద్రియ ఎరువు బాగా కలపాలి.

కొబ్బరి, మామిడి నీడలో గరిక నిలవదు. అక్కడ లాన్ కోసం కుస్తీపట్టే బదులు కోనసీమ తోటల్లోలా పసుపో కందో వేసుకోవచ్చు. ఇక వెనక మూల, గోడవారన, జానెడైనా మూరెడైనా ఓ ముక్కని శ్రావణం నుంచి కార్తీకం దాకా కొడవలి తగలకుండా ఉంచాలి. బ్రిటన్‌ వాళ్లకి మే నెల ఎలాగో మనకి ఈ నాలుగు నెలలూ అలా. గింజలు రాలాక కోసేస్తే సంక్రాంతికి దొడ్డి మళ్లీ శుభ్రం. ఆ కోసిన గడ్డి ఏ గేదెకో మేత, కాదంటే చెట్ల మొదట్లో కప్పడానికి పనికొస్తుంది.

వినాయక చవితి వస్తే పట్నాల్లో పత్రి కట్టలు కొనుక్కుంటున్నాం. ఆ కట్టలో ఏ ఆకు ఏదో అమ్మేవాళ్లూ చెప్పరు, కొనేవాళ్లూ అడగరు. గోడవారన వదిలిన ఆ మూరెడు నేలలో ఇరవై ఒక్క రకాలూ దొరక్కపోవచ్చు. గరిక, ఉత్తరేణి అయినా దొరుకుతాయి. వాటిని పిల్లలే కోసుకొస్తారు... పేరు తెలుసుకుని మరీ!